భూమే నాణెంగా బతికిన దేశం: టెక్సాస్ రిపబ్లిక్

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లానో, మెకిన్నీ పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కాలిన్ కౌంటీ, డెంటన్ కౌంటీ అన్న మాటలు రోజూ వినపడేవే. ఇంటి పన్ను నోటీసు మీదా, పిల్లల బడి చిరునామాలోనూ కనిపించే ఈ పేర్లు ఇద్దరు మనుషులవి. కాలిన్ మెకిన్నీ 1836 మార్చిలో టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటనను రాసిన అయిదుగురి సంఘంలో సభ్యుడు. దాని మీద సంతకం చేసినవారందరిలోకీ వయసులో పెద్దవాడు. కౌంటీకి ఆయన పేరు, ఆ కౌంటీ కేంద్రానికి ఆయన ఇంటిపేరు పెట్టారు. జాన్ బి. డెంటన్ ఒక మతబోధకుడు, వకీలు. ఆ దేశం అయిదేళ్ల వయసులో ఉండగా, 1841 మేలో, ఆదివాసుల పల్లెల మీద దాడికి వెళ్లిన దళంలో ఉండి హతుడయ్యాడు. ఒకరు మెక్సికో నుంచి విడిపోతున్నామని సంతకం పెట్టారు, మరొకరు విడిపోయాక ఆ నేలను ఖాళీ చేయించే పనిలో ప్రాణం పోగొట్టుకున్నారు. టెక్సాస్ పదేళ్లపాటు స్వతంత్ర దేశంగా ఉన్న కాలాన్ని అర్థం చేసుకోవడానికి అలమో కోట ముట్టడి కంటే ఈ రెండు పేర్లే మంచి దారి చూపుతాయి, ఎందుకంటే ఆ పోరాటం మొదలైంది భూమి దగ్గర, ఆ దేశం నడిచింది భూమితో, చివరికి మిగుల్చుకున్నదీ భూమినే.

1819లో అమెరికాలో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులు మూతపడి, అప్పు మీద భూములు కొన్న రైతులు చితికిపోయారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం తన బంజరు భూముల అమ్మకంలో అరువు పద్ధతిని ఎత్తివేసి, ఎకరాకు డాలరుంపావు చొప్పున కనీసం 80 ఎకరాలు రొక్కమిచ్చి కొనాలని నిబంధన పెట్టింది. చేతిలో వంద డాలర్లు లేని రైతుకు ఆ తలుపు మూసుకుపోయింది. సరిగ్గా అదే సమయంలో, 1821లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం పొందిన మెక్సికో, తన ఈశాన్యపు మూలన జనం పలుచగా ఉన్న తేహాస్ (నేటి టెక్సాస్) ప్రాంతాన్ని నింపుకోవాలని చూస్తోంది. కొమాంచీ తెగల దాడులకు అడ్డుగోడగా అక్కడ స్థిరమైన ఊళ్లు కావాలి, వాటికి సరిపడా జనం మెక్సికో లోపలి నుంచి రారు. అందుకని కుటుంబాలను తెచ్చి దింపే దళారులకు, అంటే ఎంప్రెసారియోలకు, అనుమతులిచ్చింది. వారిలో మొదటివాడు, అందరికంటే సమర్థుడు స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్. తండ్రి మోజెస్ ఆస్టిన్ స్పెయిన్ అధికారుల దగ్గర సంపాదించిన అనుమతిని, తండ్రి మరణించాక కొత్త ప్రభుత్వంతో తిరగరాయించుకుని, మొదటి విడతగా మూడు వందల కుటుంబాలను తెచ్చాడు.

వచ్చిన కుటుంబానికి దక్కేది ఎంత? పశువుల మేతకు ఒక లీగు, అంటే 4,428 ఎకరాలు. సేద్యానికి మరో 177 ఎకరాలు. మన వైపు చాలా ఊళ్లలో పొలిమేర దాకా ఉన్న భూమంతా కలిపినా ఇంత ఉండదు. 1825 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం లీగుకు కట్టాల్సింది 30 డాలర్లు, అదీ కొన్నేళ్ల గడువు మీద. సర్వే ఖర్చు, దళారి రుసుము వేరు. బదులుగా మెక్సికో పౌరసత్వం తీసుకోవాలి, కాథలిక్ మతం స్వీకరించాలి. వచ్చినవారిలో ఎక్కువమంది మొదటి షరతుకు ప్రమాణం చేశారు, రెండోదాన్ని కాగితం మీద వదిలేశారు. మెక్సికో అధికారులు కూడా చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

చూసీ చూడనట్టు ఊరుకోలేని విషయం ఒకటుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చినవారు పత్తి పండించడానికి వచ్చారు, పత్తితోపాటు బానిసలను తెచ్చుకున్నారు. కొఆవీలా, తేహాస్‌లను కలిపి ఏర్పరచిన రాష్ట్రం తన 1827 రాజ్యాంగంలో ఇకపై పుట్టే పిల్లలెవరూ బానిసలు కారని, ఆరు నెలల తర్వాత బయటినుంచి బానిసలను తేకూడదని రాసుకుంది. దీనికి విరుగుడు ఏడాదిలోనే దొరికింది. పరాయి దేశంలో కుదుర్చుకున్న పని ఒప్పందాలు ఇక్కడా చెల్లుతాయని 1828లో అదే రాష్ట్రం చట్టం చేయడంతో, సరిహద్దు దాటే ముందు యజమాని తన బానిసతో 99 ఏళ్ల కూలి ఒప్పందం మీద గుర్తు పెట్టించి, ఇటు వచ్చాక అతణ్ని ‘పనివాడు’ అని చూపించడం మామూలైంది. 1829 సెప్టెంబరులో అధ్యక్షుడు వీసెంతె గెరెరో దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేశాడు. వలసదారుల గగ్గోలు విని డిసెంబరులో తేహాస్‌కు మినహాయింపు ఇచ్చాడు. 1832లో ఇంకో రాష్ట్ర చట్టం ఆ ఒప్పందాల గడువును పదేళ్లకు కుదించింది. అంటే బానిసత్వం మీద మెక్సికో ఒక్కసారీ గట్టిగా అడుగు వేయలేదు, కానీ ఎప్పుడు వేస్తుందోనన్న భయం మాత్రం యజమానులను వదల్లేదు. ఎకరాలు ఎన్ని ఉన్నా, వాటిని దున్నించే బానిసల మీద హక్కు అనుమానంలో పడితే ఆ భూమి విలువ కూడా అనుమానంలో పడుతుందన్నది వారి లెక్క.

మెక్సికో తన పొరపాటును ఆలస్యంగా గుర్తించింది. 1828లో సరిహద్దును పరిశీలించడానికి వచ్చిన జనరల్ మాన్యువెల్ మియెర్ ఇ తెరాన్, ఈ ప్రాంతం చేజారిపోతోందని రాజధానికి రాశాడు. ఫలితంగా వచ్చిన 1830 ఏప్రిల్ 6 చట్టం అమెరికా నుంచి కొత్త వలసలను నిషేధించింది. నిషేధం వల్ల వలస ఆగలేదు, దొంగదారి పట్టింది. చట్టాన్ని గౌరవించే కుటుంబాలు తగ్గి, తెగించినవారు పెరిగారు. పన్ను మినహాయింపు గడువు ముగిసి సుంకాల వసూలు మొదలవడంతో 1832లో అనవాక్ రేవు దగ్గర ఘర్షణలు జరిగాయి. తమకు కొఆవీలాతో సంబంధం లేని ప్రత్యేక రాష్ట్రం కావాలని 1833లో వలసదారుల సదస్సు తీర్మానించింది. రాజధాని సాల్టియో వందల మైళ్ల దూరంలో ఉంది, శాసనసభలో తేహాస్‌కు ఒకటి రెండు స్థానాలే ఉన్నాయి, తమ డబ్బు, తమ కోర్టులు ఎక్కడో ఉన్న ఇతరుల చేతిలో ఉన్నాయన్న ఫిర్యాదు అది. ప్రత్యేక రాష్ట్రాల ఉద్యమాలు చూసిన తెలుగు పాఠకులకు ఈ మాటల ధోరణి కొత్తగా అనిపించదు. పోలిక మాత్రం అక్కడితో సరి.

ఆ తీర్మానం పట్టుకుని మెక్సికో నగరానికి వెళ్లిన ఆస్టిన్ కొంత సాధించాడు. వలస నిషేధం ఎత్తివేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది, 1834లో రాష్ట్ర శాసనసభ జ్యూరీ విచారణకూ ఇంగ్లీషు వాడకానికీ చోటు కల్పించింది. కానీ ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. పని జాప్యమవుతున్నదన్న విసుగులో, అనుమతి కోసం ఆగకుండా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకోండని ఆయన శాన్ ఆంటోనియో పురపాలకులకు రాసిన ఉత్తరం ప్రభుత్వం చేతికి చిక్కింది. 1834 జనవరిలో తిరుగు ప్రయాణంలో సాల్టియోలో అరెస్టయి, ఏడాదిన్నరకు పైగా జైల్లోనూ బెయిలు మీదా గడిపాడు. ఓర్పుతో వ్యవహరించమని వలసదారులకు పదేళ్లుగా చెబుతూ వచ్చిన మనిషి, 1835 వేసవి చివర్లో ఇల్లు చేరేసరికి యుద్ధం తప్పదని నమ్మేవాడిగా మారాడు.

ఈలోగా మెక్సికోలోనే పెద్ద మార్పు జరిగింది. రాష్ట్రాలకు అధికారాలు ఉండాలనే ఫెడరల్ వాదిగా అధికారంలోకి వచ్చిన ఆంటోనియో లోపెజ్ ద శాంతా అన్నా 1834లో ప్లేటు ఫిరాయించి, 1824 నాటి ఫెడరల్ రాజ్యాంగాన్ని పక్కకు నెట్టే వర్గంతో చేరాడు. రాష్ట్ర సైన్యాలను కుదించాలన్న ఆజ్ఞను ధిక్కరించిన సకతేకాస్ రాష్ట్రాన్ని 1835 మేలో స్వయంగా దండెత్తి ఓడించి, సైనికులకు దోపిడీకి వదిలేశాడు. అక్టోబరులో రాష్ట్ర శాసనసభలు రద్దయ్యాయి. ఇక్కడ ఒక విషయాన్ని విడదీసి చూడాలి. కేంద్రం అధికారాలన్నీ గుంజుకోవడం నిజమైన సమస్యే, టెక్సాస్ వారు కల్పించుకున్నది కాదు. సకతేకాస్‌తోపాటు యుకతాన్ సహా అనేక ప్రాంతాలు తిరగబడ్డాయి. అయితే అవేవీ చివరికి మెక్సికో నుంచి శాశ్వతంగా వేరుపడలేదు. అన్నిచోట్లా ఉన్న కారణం ఒక్క చోటే విడిపోవడాన్ని వివరించలేదు. టెక్సాస్‌కు మాత్రమే ఉన్నవి మూడు: స్థానికుల కంటే అనేక రెట్లు పెరిగిన అమెరికన్ జనాభా, పక్కనే తుపాకులూ మనుషులూ పంపగల సరిహద్దు, పట్టా విలువా బానిసల మీద హక్కూ ఒకదానికొకటి ముడిపడిన ఆస్తి. ఫెడరల్ వివాదం తిరుగుబాటుకు సమయాన్ని నిర్ణయించింది; అది ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించింది ఈ మూడే.

తొలి తూటా చాలా చిన్న విషయం మీద పేలింది. ఆదివాసుల నుంచి రక్షణకని 1831లో గొన్సాలెస్ పట్టణానికి ప్రభుత్వమే ఇచ్చిన ఒక చిన్న ఫిరంగిని తిరిగి తీసుకెళ్లడానికి సైనికులు వస్తే, 1835 అక్టోబరు 2న ఊరివాళ్లు ‘వచ్చి తీసుకోండి’ అని గుడ్డ మీద రాసి ఎదురు నిలిచారు. రెండు నెలల్లో శాన్ ఆంటోనియోలోని మెక్సికన్ దళం లొంగిపోయింది. అయినా నవంబరులో సమావేశమైన ప్రతినిధులు స్వాతంత్ర్యం ప్రకటించలేదు. తాము పోరాడుతున్నది 1824 రాజ్యాంగం కోసమేనని అన్నారు. మెక్సికోలోని ఫెడరల్ వాదుల సానుభూతి కావాలి, అమెరికా నుంచి వచ్చే వాలంటీర్లూ కావాలి. మొదటివారికి స్వాతంత్ర్యం మాట గిట్టదు, రెండోవారికి ఆ మాట లేకపోతే రావడానికి కారణం లేదు. చలికాలమంతా ఈ రెండు పడవల మీద కాళ్లు పెట్టి, తాత్కాలిక ప్రభుత్వపు గవర్నరు, కౌన్సిలు ఒకరినొకరు పదవినుంచి తొలగించుకునే దాకా వెళ్లారు. శాన్ ఆంటోనియోలోని అలమో కోటలో ఉన్నవారికి సాయం వెళ్లకపోవడానికి శౌర్యం లోపించడం కాదు కారణం, సాయం పంపగల ప్రభుత్వం లేకపోవడం.

ఆ కోట ముట్టడి 1836 ఫిబ్రవరి 23న మొదలై పదమూడు రోజులు సాగింది. ముట్టడి మధ్యలోనే, మార్చి 2న, బ్రాజోస్ నది ఒడ్డున వాషింగ్టన్ అనే పల్లెలో 59 మంది ప్రతినిధుల సభ స్వాతంత్ర్యం ప్రకటించింది. సంతకం చేసినవారిలో టెక్సాస్ నేల మీద పుట్టినవారు ఇద్దరే, హోసే ఆంటోనియో నవారో, హోసే ఫ్రాన్సిస్కో రూయిస్. యుకతాన్‌లో పుట్టి, మెక్సికోలో మంత్రిగా పనిచేసి, శాంతా అన్నాకు శత్రువైన లొరెన్సో ద సవాలా తాత్కాలిక ఉపాధ్యక్షుడయ్యాడు. మార్చి 6న అలమో పడిపోయింది. కోట దళపతులు ట్రావిస్, బోవీ, అమెరికా మాజీ చట్టసభ్యుడు క్రాకెట్ సహా దాదాపు రెండు వందల మంది హతులయ్యారు. లోపలి నుంచి బతికి బయటపడినవారిలో ట్రావిస్ బానిస జో ఒకడు. కోటలో ఏం జరిగిందో కొత్త ప్రభుత్వ పెద్దలకు కళ్లకు కట్టినట్టు చెప్పింది అతడే. చెప్పాక అతణ్ని యజమాని ఆస్తిలో భాగంగా వెనక్కి పంపారు. టెక్సాస్ యుద్ధం గెలిచిన రోజుకు సరిగ్గా ఏడాది తర్వాత, విజయోత్సవం జరిగే 1837 ఏప్రిల్ 21నే, జో పారిపోయాడు.

మార్చి 27న గోలియాద్‌లో లొంగిపోయిన ఖైదీలను, దాదాపు 350 మందిని, శాంతా అన్నా ఆజ్ఞ మీద కాల్చి చంపారు. ఈ హత్యాకాండ అమెరికాలో వాలంటీర్ల ప్రవాహాన్ని పెంచిందే తప్ప భయపెట్టలేదు. జనం ఇళ్లు వదిలి తూర్పుకు పరుగులు తీస్తుంటే టెక్సాస్ సేనాపతి శామ్ హ్యూస్టన్ సైన్యం కూడా అయిదు వారాలకు పైగా వెనక్కి నడిచింది. శాంతా అన్నా తన బలగాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కతో ముందుకు దూసుకొచ్చి, ఏప్రిల్ 21 మధ్యాహ్నం శాన్ జాసింటో దగ్గర కాపలా సరిగా పెట్టకుండా విశ్రమించాడు. హ్యూస్టన్ దగ్గర తొమ్మిది వందల మంది, అవతల పదమూడు వందలు. పోరు పద్దెనిమిది నిమిషాల్లో ముగిసింది, చంపుడు మాత్రం సాయంత్రం దాకా సాగింది. మెక్సికో వైపు 630 మంది మరణించారు, 730 మంది పట్టుబడ్డారు. టెక్సాస్ వైపు మరణాలు తొమ్మిది. మరునాడు సామాన్య సైనికుడి దుస్తుల్లో శాంతా అన్నా దొరికాడు. ఓడిన దళం కంటే పెద్ద సైన్యం ఫిలిసోలా నాయకత్వంలో ఇంకా క్షేమంగానే ఉన్నా, బందీ అయిన అధ్యక్షుడి ఆజ్ఞతో అది వెనుదిరిగింది. మే 14న వెలాస్కోలో కుదిరిన ఒప్పందాలను, ఖైదీ చేసిన సంతకం చెల్లదని మెక్సికో కాంగ్రెస్ తోసిపుచ్చింది. కాబట్టి యుద్ధం నిలిచిపోయింది, ముగియలేదు. తర్వాతి పదేళ్ల కష్టాలన్నీ ఈ తేడాలోంచి పుట్టినవే.

కొత్త దేశపు రాజ్యాంగం చాలా వరకు అమెరికా రాజ్యాంగానికి నకలు. తేడాలున్న చోటే దాని స్వభావం తెలుస్తుంది. అధ్యక్షుడు వరసగా రెండోసారి పదవి చేపట్టరాదు. బానిసత్వాన్ని రద్దు చేసే అధికారం కాంగ్రెసుకు లేదు. యజమాని తన బానిసను విడిపించాలన్నా, దేశం బయటికి పంపేస్తే తప్ప, కాంగ్రెసు అనుమతి కావాలి. స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివారెవరూ కాంగ్రెసు అనుమతి లేకుండా నివసించరాదు. స్వాతంత్ర్య ప్రకటన నాడు టెక్సాస్‌లో ఉన్నవారందరూ పౌరులే, ఆఫ్రికన్లు, వారి సంతతి, ఆదివాసులు తప్ప. మెక్సికో కాలంలో అనుమానంలో ఉన్న ఆస్తిహక్కుకు ఇంత గట్టి తాళం మరే చట్టంలోనూ వేయలేదు. తిరుగుబాటుకు బానిసత్వం కారణం కాదనేవారు ముందు ఈ క్లాజులు చదవాలి; అదొక్కటే కారణమనేవారు సకతేకాస్ కథ చదవాలి.

1836 సెప్టెంబరు ఎన్నికల్లో హ్యూస్టన్‌కు 5,119 ఓట్లు, హెన్రీ స్మిత్‌కు 743, ఆస్టిన్‌కు 587 వచ్చాయి. వలసను పోషించి పెంచిన మనిషికి మూడో స్థానం దక్కింది; విదేశాంగ మంత్రిగా పనిచేస్తూ ఆ డిసెంబరులోనే చనిపోయాడు. అదే ఎన్నికల్లో మరో ప్రశ్న అడిగారు: అమెరికాలో కలవాలా? కలవాలని 3,277 మంది, వద్దని 91 మంది. స్వతంత్ర దేశం తన మొట్టమొదటి ఎన్నికల్లోనే తన ఉనికి ఆగిపోవాలని కోరుకోవడం చరిత్రలో అరుదు. అయితే అమెరికాకు తొందర లేదు. మరో బానిస రాష్ట్రాన్ని చేర్చుకుంటే ఉత్తరాది ఊరుకోదు, మెక్సికోతో యుద్ధం వస్తుంది. ఆండ్రూ జాక్సన్ పదవి దిగిపోయే ముందు, 1837 మార్చి 3న, దేశంగా గుర్తింపు మాత్రం ఇచ్చి వెళ్లాడు. విలీనం ప్రతిపాదనను ఆయన వారసుడు వాన్ బ్యూరెన్ ఆ ఏడాదే తిరస్కరించాడు. 1839లో ఫ్రాన్సు, ఆ తర్వాత నెదర్లాండ్స్, బ్రిటన్ గుర్తించాయి. మెక్సికో ఎన్నడూ గుర్తించలేదు.

పన్నులు కట్టే స్తోమత ప్రజలకు లేదు, బంగారం లేదు, అప్పిచ్చేవాడు లేడు. ఉన్నది భూమి ఒక్కటే, దాన్నే ఆ దేశం డబ్బులా ఖర్చు పెట్టింది. స్వాతంత్ర్య ప్రకటన నాటికి ఉన్న ప్రతి కుటుంబ యజమానికి పాత మెక్సికన్ కొలత ప్రకారమే 4,605 ఎకరాలు, ఒంటరి పురుషుడికి 1,476 ఎకరాలు. తర్వాత వచ్చినవారికి 1,280, ఇంకా తర్వాత వచ్చినవారికి 640. నల్లజాతివారికి, ఆదివాసులకు ఏమీ లేదు. సైనికుడికి మూడు నెలల సేవకు 320 ఎకరాలు, శాన్ జాసింటోలో పోరాడినవాడికి అదనంగా 640. జీతానికి, పెన్షనుకు, వాలంటీర్లను రప్పించే ప్రచారానికి, అన్నిటికీ ఒకటే చెల్లింపు. భూమి కాగితాలే డబ్బయినప్పుడు దొంగ కాగితాలు పుట్టకుండా ఉండవు. నకిలీ సర్టిఫికెట్లు ఎంతగా పెరిగాయంటే, వాటిని ఏరడానికి 1840లో ఊరూరా తిరిగే కమిషనర్లను ప్రత్యేకంగా నియమించాల్సి వచ్చింది. తూర్పున షెల్బీ కౌంటీలో ఈ దొంగ పట్టాల మీద మొదలైన తగాదా అయిదేళ్లపాటు రెండు ముఠాల యుద్ధంగా నడిచి, 1844లో సైన్యం దిగితే గానీ ఆగలేదు. ఇదే కాలపు ఒక మంచి చట్టాన్నీ చెప్పుకోవాలి: అప్పులవాడు ఎవరైనా సరే, కుటుంబం ఉంటున్న ఇంటినీ దాని చుట్టూ 50 ఎకరాలనూ జప్తు చేయరాదని 1839లో చేసిన శాసనం. 1819 సంక్షోభంలో దెబ్బతిన్నవారి జ్ఞాపకం అందులో కనిపిస్తుంది. ఇల్లు జప్తు కాకుండా కాపాడే నియమం ఈనాటికీ టెక్సాస్ రాజ్యాంగంలో బతికి ఉంది.

పంచే భూమి ఖాళీగా ఉంటే కదా. తూర్పు టెక్సాస్‌లో స్థిరపడిన చెరోకీలు తటస్థంగా ఉండడానికి బదులుగా వారి భూములకు హామీ ఇస్తూ హ్యూస్టన్ 1836 ఫిబ్రవరిలో ఒడంబడిక కుదిర్చాడు. చిన్నతనంలో చెరోకీల మధ్య పెరిగిన ఆయన దాన్ని మనస్ఫూర్తిగానే చేసి ఉంటాడు. గెలిచాక సెనేటు దాన్ని కొట్టేసింది. 1838 చివర్లో అధ్యక్షుడైన మిరబో లామార్ దృష్టిలో ఆదివాసులు వెళ్లిపోవాలి లేదా నశించాలి. 1839 జూలైలో నెచెస్ నది దగ్గర జరిగిన పోరులో ఎనభై దాటిన చెరోకీ పెద్ద డువాలి, హ్యూస్టన్ ఇచ్చిన ఖడ్గం ధరించి, హతుడయ్యాడు. తెగ ఎర్రనది ఆవలికి తరిమివేతకు గురైంది. 1840 మార్చిలో శాన్ ఆంటోనియోలో సంధి మాటలకని పిలిచిన కొమాంచీ పెద్దలను నిర్బంధించబోతే జరిగిన కాల్పుల్లో వారి వైపు సుమారు 35 మంది, స్త్రీలు పిల్లలతో సహా, చనిపోయారు. దానికి ప్రతీకారంగా కొమాంచీలు ఆగస్టులో సముద్రతీరం దాకా వచ్చి లిన్‌విల్ రేవును తగలబెట్టారు. మొదట చెప్పుకున్న డెంటన్ చనిపోయిన దాడి ఈ వరసలోనిదే. అది జరిగిన కొన్ని నెలలకే, ఖాళీ అయిన ఉత్తర ప్రాంతాన్ని పీటర్స్ అనే కంపెనీకి వలసదారులను తెమ్మని ఒప్పగించారు. నేటి డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల తొలి పట్టాల్లో చాలా భాగం ఆ కంపెనీ ద్వారా వచ్చినవే.

లామార్‌కు విలీనం మీద నమ్మకం లేదు, పసిఫిక్ తీరం దాకా వ్యాపించే సామ్రాజ్యం మీద ఉంది. సరిహద్దు అంచున, అప్పటికి ఒక చిన్న పల్లె తప్ప ఏమీ లేని చోట, ఆస్టిన్ పేరుతో రాజధాని కట్టించాడు. నౌకాదళాన్ని పెంచాడు, డబ్బు చాలక దాన్ని నెలకు 8,000 డాలర్ల అద్దెకు మెక్సికో మీద తిరగబడిన యుకతాన్‌కు ఇచ్చాడు. అప్పటి మెక్సికో పట్టణం సాంటా ఫే వాణిజ్యాన్ని చేజిక్కించుకోవడానికి 1841లో పంపిన మూడు వందల మంది దారి తప్పి, ఆకలితో అలమటించి, ఒక్క తూటా పేల్చకుండా లొంగిపోయారు. ఆయన మూడేళ్ల పాలనలో ఖర్చు సుమారు 48 లక్షల డాలర్లు, రాబడి సుమారు 11 లక్షలు. అచ్చు వేసిన కాగితపు డబ్బు, వెనకవైపు ఎర్రగా ఉండడం వల్ల ‘రెడ్‌బ్యాక్’ అనేవారు, 1842 నాటికి డాలరుకు రెండు సెంట్ల విలువకు పడిపోయింది. విదేశీ రుణం కోసం చూస్తున్న ఈ సమయంలోనే పందుల తగాదా ఒకటి వచ్చింది. ఆస్టిన్‌లో ఫ్రెంచి రాయబారి గుర్రాల దాణాను పక్క పూటకూళ్ల యజమాని పందులు తినిపోతుంటే, రాయబారి నౌకరు కొన్నింటిని చంపాడు; యజమాని ఆ నౌకరును చావబాదాడు; అతణ్ని శిక్షించలేదని రాయబారి అలిగి లూసియానాకు వెళ్లిపోయాడు. నవ్వు తెప్పించే కథే గానీ, ఒక దేశపు దౌత్యం ఎంత పలుచని గోడ మీద నిలబడి ఉందో దీన్ని మించి చెప్పేది లేదు.

అయితే లామార్ చేసిన ఒక పని ఆయన అప్పుల కంటే ఎక్కువ కాలం నిలిచింది. 1839లో ప్రతి కౌంటీకి బడుల కోసం మూడు లీగులు, రెండు విశ్వవిద్యాలయాల కోసం యాభై లీగులు కేటాయించే చట్టం వచ్చింది. అప్పట్లో ఆ భూమిని అమ్మినా కొనేవాడు లేడు కనుక బడులేవీ వెంటనే లేవలేదు.

1841 చివర్లో తిరిగి అధ్యక్షుడిగా వచ్చిన హ్యూస్టన్ చేసింది ఒకటే, ఖర్చు ఆపడం. జీతాలు కోశాడు, పదవులు తీసేశాడు, ఆదివాసులతో యుద్ధం కంటే సంధి చవకని వాదించి సంధి చేశాడు. మెక్సికో మాత్రం ఆగలేదు. 1842 మార్చిలో ఒక దళం శాన్ ఆంటోనియోను రెండు రోజులు ఆక్రమించింది. సెప్టెంబరులో జనరల్ వోల్ అదే ఊరిని పట్టుకుని, కోర్టు జరుగుతుండగా జడ్జినీ వకీళ్లనూ ఖైదు చేసి తీసుకుపోయాడు. ప్రతీకారానికని వెళ్లి, మెక్సికోలోని మియెర్ పట్టణం దగ్గర లొంగిపోయి, తప్పించుకోబోయి తిరిగి చిక్కిన 176 మందిలో పదికొకరిని చంపాలని తీర్పు వచ్చింది. 1843 మార్చి 25న కుండలోంచి గింజలు తీయించారు. నల్ల గింజ వచ్చిన పదిహేడుగురిని కాల్చేశారు. ఈ దాడుల సాకుతో దస్తావేజులను ఆస్టిన్ నుంచి తరలించబోతే, ఊరివాళ్లు ఫిరంగి పేల్చి మరీ బండ్లను వెనక్కి తెచ్చుకున్నారు. దాడికి వచ్చిన మెక్సికో సేన కోసం పేలాల్సిన ఫిరంగి సొంత ప్రభుత్వ ఉద్యోగుల మీద పేలింది. ఆ పెట్టెల్లో ఉన్నవి భూమి రికార్డులు. ఊరివాళ్ల ఆందోళన అర్థం కానిదేమీ కాదు.

వోల్ సైన్యంతోపాటు శాన్ ఆంటోనియోకు వచ్చినవారిలో హువాన్ సెగీన్ ఉన్నాడు. శాన్ జాసింటోలో టెక్సాస్ తరఫున స్పానిష్ మాట్లాడే దళాన్ని నడిపి, తర్వాత సెనేటరుగా, ఆ ఊరి మేయరుగా పనిచేసినవాడు ఆయన. కొత్తగా వచ్చిన భూముల వేటగాళ్ల బెదిరింపులకు, ద్రోహి అన్న ముద్రకు తాళలేక 1842 వసంతంలో మెక్సికోకు పారిపోయాడు. అక్కడ జైలా, సైన్యమా అని అడిగితే సైన్యం ఎంచుకున్నాడు. పుట్టిన గడ్డ మీదే పరాయివాడినయ్యానని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

విలీనం మళ్లీ కదిలింది బ్రిటన్ వల్ల. ఉత్తర అమెరికాలో అమెరికాకు పోటీగా ఒక పత్తి దేశం ఉండడం, వీలైతే అక్కడ బానిసత్వం ముగియడం బ్రిటన్‌కు నచ్చే సంగతులు. బ్రిటన్ ప్రతినిధి చార్లెస్ ఇలియట్, కొద్దికాలం ముందే నల్లమందు యుద్ధంలో హాంకాంగ్‌ను ఆక్రమించినవాడు, మెక్సికోతో రాజీ కుదర్చడానికి చురుగ్గా తిరిగాడు. హ్యూస్టన్ ఈ స్నేహాన్ని దాచలేదు, కావాలనే అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు కనపడనిచ్చాడు. దక్షిణాది రాజకీయులు ఉలిక్కిపడ్డారు. 1844 ఏప్రిల్‌లో కుదిరిన విలీన ఒప్పందాన్ని అమెరికా సెనేటు 35–16 ఓట్లతో తిరస్కరించింది. బానిసత్వ రక్షణ కోసమే విలీనమని విదేశాంగ మంత్రి కాల్హౌన్ రాతపూర్వకంగా చెప్పడం దానికి ఒక కారణం. కానీ ఆ ఏడాది ఎన్నికల్లో విలీనవాది పోల్క్ గెలవడంతో, మూడింట రెండు వంతుల సెనేటు ఓట్లు అక్కర్లేని ఉభయ సభల తీర్మానం అనే అడ్డదారి దొరికింది. సెనేటులో 27–25 తో గట్టెక్కిన ఆ తీర్మానం మీద 1845 మార్చి 1న, పదవి దిగబోతున్న అమెరికా అధ్యక్షుడు టైలర్ సంతకం చేశాడు. ఇటు మెక్సికో కూడా ఎట్టకేలకు, ఎవరిలోనూ కలవకుండా ఉంటే గుర్తిస్తామని మేలో ఒప్పుకుంది. చివరి అధ్యక్షుడు ఆన్సన్ జోన్స్ రెండు కాగితాలూ ప్రజల ముందు పెట్టాడు. పదేళ్లుగా అడిగిన గుర్తింపు చేతికి అందిన వేళ దాన్ని కోరుకునేవారు లేరు. జూలై 4న సమావేశమైన సభ విలీనానికి 55–1 ఓట్లతో ఆమోదం తెలిపింది. డిసెంబరు 29న టెక్సాస్ అమెరికా రాష్ట్రమైంది. 1846 ఫిబ్రవరి 19న ఆస్టిన్‌లో పాత జెండా దిగింది. రెండు నెలల తర్వాత రియో గ్రాండే దగ్గర అమెరికా–మెక్సికో యుద్ధం మొదలైంది.

విలీనం షరతుల్లో అన్నిటికంటే తక్కువగా గమనించేది అప్పుల గురించినది. తిరస్కరణకు గురైన 1844 ఒప్పందంలో అమెరికా టెక్సాస్ అప్పులు తీర్చి బదులుగా బంజరు భూములన్నీ తీసుకోవాలి. 1845 తీర్మానం దాన్ని తిరగేసింది: దాదాపు కోటి డాలర్ల అప్పు టెక్సాస్‌దే, భూమీ టెక్సాస్‌దే. పడమటి రాష్ట్రాల్లోలా కేంద్రానికి చెందిన విస్తారమైన బంజరు టెక్సాస్‌లో లేకపోవడానికి కారణం ఇదే. 1850లో, రియో గ్రాండే తూర్పున నేటి న్యూ మెక్సికో సగం దాకా కాగితం మీద చెప్పుకుంటూ వచ్చిన హక్కును వదులుకున్నందుకు అమెరికా కోటి డాలర్ల బాండ్లు ఇచ్చింది; ఆ డబ్బుతోనే రిపబ్లిక్ కాలపు రుణదాతలకు చెల్లింపులు జరిగాయి. విశ్వవిద్యాలయాలకు లామార్ కాలంలో మొదలైన భూకేటాయింపు పద్ధతిని 1876లోనూ 1883లోనూ పడమటి టెక్సాస్‌లో మొత్తం ఇరవై లక్షల ఎకరాలకు పెంచారు, గొర్రెలు మేపడానికి కూడా ఎవరూ పోటీ పడని ఎండు నేల కావడం వల్ల అభ్యంతరం చెప్పినవారు లేరు. ఆ నేలలో 1923 మే 28న సాంటా రీటా అనే బావిలో చమురు పడింది.